అత్త దిగే హోటలు

అత్త పోయిన రోజు ఆమె మరిది మా ఇంటికి వచ్చాడు. నేను లోపలికి రానివ్వలేదు.

మల్కాపురంలో మా ఇల్లు సందు చివర ఉంటుంది. కారు సందులోకి పట్టక మొదట్లోనే ఆగిపోతే, పెద్ద గులాబీల దండ రెండు చేతులా మోసుకుంటూ నడిచి వచ్చాడు. నేను గేటు గడియ వేసి దాని ముందు నిలబడ్డాను. వదిన ముఖం ఒక్కసారి చూసి వెళ్ళిపోతానన్నాడు. కుదరదన్నాను. చావింట్లో పట్టింపులేమిటే అంటూ మా పిన్ని వెనక నుంచి నా భుజం పట్టుకుని లాగింది. అరుగు మీద కూర్చున్న నాన్న మాత్రం తల ఎత్తకుండా, "అది సెప్పిందే నా మాట కూడా" అన్నాడు. పోర్టులో పనిచేసి రిటైరైన మా నాన్న ఎవరినీ పల్లెత్తు మాట అనే మనిషి కాదు. ఆయనే అలా అనేసరికి, వచ్చిన పెద్దమనిషి దండను గేటుకి తగిలించి వెళ్ళిపోయాడు. సాయంత్రానికి పక్కింటి మేక ఆ గులాబీలన్నీ తినేసింది. నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

శవం ఇంట్లో ఉండగా అంత కసేమిటని మీరు అనుకోవచ్చు. ఆ కసి నాది కాదు, అత్తది. ఆవిడ లేచి గేటు దాకా రాలేదు కాబట్టి నేను వెళ్ళాను.

అత్త మా నాన్నకి అక్క. పద్మనాభం అవతల ఒక చిన్న ఊరికి కోడలుగా వెళ్ళింది. పొట్టి మనిషి. రెండు ముక్కుపుడకలు, మోచేతి దాకా పచ్చబొట్లు. అందరికీ కోపం వస్తే గొంతు లేస్తుంది. అత్తకి తగ్గేది. కోపం ముదిరిన కొద్దీ మర్యాద ఎక్కువయ్యేది. ఎవరినైనా "బాబూ" అని మెత్తగా పిలిచిందంటే ఆ మనిషి పని అయిపోయిందని మేం లెక్క.

పట్టిన పట్టు విడిచిన మనిషి కాదు. ఒకసారి బస్సులో ఒక కండక్టరు, చేపల వాసన కొడుతోంది వెనక్కి పోయి నిలబడమన్నాడు. ఆ కండక్టరు ఉన్నన్నాళ్ళూ అత్త ఆ బస్సు ఎక్కలేదు, ఎండయినా వానయినా నడిచే వెళ్ళింది. అతను రిటైరయ్యే రోజు ఎప్పుడో కనుక్కుని, ఆ రోజు చేపల గంపతో ఎక్కి, టిక్కెట్టు తీసుకుని, అతని పక్క సీట్లో కూర్చుని ఊరు చేరింది. అతనికి పాపం ఈవిడెవరో కూడా గుర్తులేదు. అత్తకి అది అనవసరం.

మావయ్య నాకు లీలగా గుర్తు. నా చిన్నప్పుడే జ్వరం వచ్చి పోయాడు. పిల్లల్లేరు. వాళ్ళ వైపు ఆచారం, మనిషి పోతే సొంత పొలంలోనే పాతిపెట్టి, మట్టి దిబ్బ వేసి చుట్టూ రాళ్ళు పేరుస్తారు. ఏటా ఆ తిథికి, పోయిన మనిషికి ఇష్టమైనవి వండి విస్తరిలో అక్కడ పెడతారు. అత్త అన్నం, చేపల పులుసు, ఒక చుట్ట, సీసాలో కాస్త కల్లు పెట్టేది. పెట్టేశాక నాలుగు అడుగులు అవతలికి పోయి వీపు తిప్పి కూర్చునేది. ఆ ఊళ్ళో అందరూ అలాగే చేస్తారు. ఎందుకని చిన్నప్పుడు అడిగితే, "మనం సూత్తుంటే మొగమాటపడి తిన్రు" అంది.

ఆ పొలం చెరువుని ఆనుకుని ఉండేది. కొన్నాళ్ళకి ఆ రోడ్డు మీద ఒక వాటర్ పార్కు వచ్చింది. దాని పక్కనే ఇంకో పెద్ద పార్కు వచ్చింది, అందులో మనుషుల్ని గాల్లో తలకిందులు చేసి తిప్పే రైలు కూడా ఉంది. పార్కులకు వచ్చేవాళ్ళు దిగడానికి ఒక ఖరీదైన హోటలు కావలసి వచ్చింది. హోటలు వాళ్ళకి చెరువు పక్క భూమి కావలసి వచ్చింది. పొలం అప్పటికింకా అత్త మామగారి పేరు మీదే ఉంది. ముసలాయన పోగానే మరిది చడీచప్పుడు లేకుండా తన పేరు మీదికి మార్పించుకుని అమ్మేశాడు. పిల్లాపీచూ లేని మనిషికి పొలమెందుకని ఊళ్ళో అందరితో అన్నాడు.

అత్త పొలం కోసం గొడవ పడలేదు. మావయ్య ఉన్న చోటు ఒక్కటి వదిలేయమని అడిగింది. మా నాన్న ఎదురుగానే మరిది ఆవిడ చేతులు పట్టుకుని, "అన్న మీద ఒట్టు వదినా, సుట్టూ కంచె ఏయించి ఇత్తాను, ఏడాదికోపాలి వొచ్చి ఎట్టుకో" అన్నాడు. నాన్న దానికి సాక్షి. ఆ మాట నమ్మినందుకు నాన్న ఇప్పటికీ తనని తాను తిట్టుకుంటాడు.

ఆ ఏడు తిథి రోజున అత్త వెంట నేనూ వెళ్ళాను. అప్పుడు డిగ్రీ చదువుతున్నాను. క్యారేజీ నా చేతిలో ఉంది. వెళ్ళేసరికి ఎత్తైన ప్రహరీ గోడ, ఇనప గేటు, వాచ్‌మన్. లోపల యంత్రాలు నేలంతా చదును చేసేశాయి. దిబ్బా లేదు, రాళ్ళూ లేవు, కంచే లేదు. లోపలికి వదలమని అత్త బతిమాలుతుంటే, ఆ పనికి కూలీల్ని పెట్టిస్తున్న మరిది కారు వచ్చి ఆగింది. అద్దం సగం దించి అత్తని చూశాడు, క్యారేజీని చూశాడు. వాచ్‌మన్‌తో, "ఆ ముసిల్దానికి మతి సరిగ్గా నేదు, పంపీ" అన్నాడు. కారు కోసం గేటు తెరుచుకుంది. కారు వెళ్ళాక మూసుకుంది.

అత్త గోడ బయటే విస్తరి పరిచి వడ్డించింది. వీపు తిప్పి కూర్చుంది. ఇసక లారీ ఒకటి వెళ్ళి విస్తరి నిండా దుమ్ము కొట్టిపోయింది. ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఏడవలేదు. చాలా మెత్తటి గొంతుతో, "పాపా, ఈ బాబుగోరి హోటల్లో దిగాలంటే ఏటి సెయ్యాల?" అని అడిగింది.

హోటలు లేచింది. నాకు రుషికొండలో ఉద్యోగం వచ్చింది. ఏడాది పొడుగునా పాలు పోసి దాచుకున్నది అత్త నా చేతిలో పెట్టేది, నేను ఫోనులో గది బుక్ చేసేదాన్ని. ఏటా ఆ తిథికి ఒక రోజు మేం ఆ హోటల్లో దిగేవాళ్ళం. గదిలోంచి చెరువు కనిపించాలి, అదొక్కటే అత్త షరతు.

మొదటిసారి వెళ్ళినప్పుడు అదే గేటు, అదే వాచ్‌మన్. ఈసారి సెల్యూట్ కొట్టి తెరిచాడు. అత్త అతన్ని ఏమీ అనలేదు, ఆడి కూటికోసం ఆడు సేసినాడు అని ఊరుకుంది. లోపల గాజుబొమ్మలా ఉన్న అమ్మాయి మాకు శరబతు ఇచ్చి, గదితోపాటు పార్కులకు బస్సు ఉచితమని, ఏ పార్కుకి వెళ్తారని అడిగింది.

"పార్కులకి రాలేదమ్మా. మా ఆయన్ని సూడ్డానికొచ్చినాం" అంది అత్త.

సారు ఏ గదిలో ఉన్నారో చెబితే కబురు చేస్తానంది ఆ అమ్మాయి.

"గదిలో కాదు. బయట తొంగున్నాడు."

ఆ అమ్మాయి పాపం నా వైపు చూసింది. నేను శరబతు తాగుతూ కూర్చున్నాను.

గదిలో అడుగు పెట్టగానే అత్త ఉన్న లైట్లన్నీ వేసేది. ఏసీ పెట్టించి, కిటికీలు బార్లా తెరిచేది. కాలనియ్యి కరెంటు అనేది. ఆ కరెంటు బిల్లు మరిది కట్టడు, హోటలు వాళ్ళు కడతారని చెప్పి చూశాను. ఎవులైతే ఏటి, ఆ మట్టి మీదే గదా కూకున్నారు అంది. మాటిమాటికీ తువ్వాళ్ళు తెప్పించేది. కాఫీ చల్లారిపోయిందని రెండుసార్లు తిప్పి పంపేది. సబ్బులు, షాంపూలు ఉన్నవి తీసుకోవడమే కాక ఇంకా అడిగి మూటగట్టేది. ఇంటికెళ్ళాక ఆ షాంపూలన్నీ పెట్టి గేదెను కడిగేది. పండగ పూట ఎప్పుడైనా అత్త ఇంటికి వెళ్తే గేదె దగ్గర ఆ హోటలు వాసన వచ్చేది. ఆ వాసన పీల్చినప్పుడల్లా నాకు మరిది ముఖం గుర్తొచ్చి నవ్వాగేది కాదు.

బాల్కనీలో కుర్చీ ఉన్నా కింద బాసింపట్టు వేసుకుని కూర్చునేది. చెరువు అవతల గాల్లో తిరిగే రైల్లోంచి జనం కేకలు వినిపించేవి. "డబ్బులిచ్చి మరీ ఏడుత్తన్నారు సూడు" అనేది. తనైతే ఉత్తినే ఏడ్చింది కదా అనేది.

మావయ్య ఉన్న చోటు అత్త మొదటి రోజే కనిపెట్టేసింది. చెరువు తూము ఒక పక్క, కొండ మీద చీలిన బండ ఒక పక్క పెట్టుకుని, రెంటికీ నడుమ పచ్చికలో నడుచుకుంటూ పోయి ఒక చోట ఆగింది. అక్కడ పిల్లలు ఆడుకోవడానికి ఫైబర్‌తో చేసిన జిరాఫీ బొమ్మ నిలబెట్టి ఉంది. వెనక నుంచి మెట్లెక్కి దాని మెడ మీదుగా జారాలి. మావయ్య మీద జిరాఫీ. నేను మెట్ల మీది పిల్లల్ని దింపబోయాను. అత్త మాత్రం జారే పిల్లల్ని చూస్తూ చాలాసేపు నిలబడి, "పిల్లల్లేరని కుమిలిపోయేవోడు. పొద్దస్తమానం ఈళ్ళే గదా ఇప్పుడు" అంది. పిల్లల మీద ఆవిడకి కోపం లేదు. బొమ్మ మీద కూడా లేదు.

మిట్ట మధ్యాహ్నం ఎండకి పచ్చిక ఖాళీ అయ్యాక, జిరాఫీ కాళ్ళ మధ్య విస్తరి వేసి వడ్డించేది. వీపు తిప్పి కూర్చునేది. ఒకసారి మేనేజరు పరుగున వచ్చి బయటి భోజనం లోపలికి తేకూడదన్నాడు. "బయట కూడు కాదు బాబూ, ఇంటి కూడే. తినీవోడూ బయటోడు కాడు" అంది అత్త. అతను మళ్ళీ రాలేదు.

ఇదంతా చూసి ఆవిడ పగ తీరుతోందని మీరనుకుంటే పొరపాటు. కాఫీలు తిప్పి పంపడం కేవలం సరదా. అసలు సంగతి వేరే ఉంది. మరిది ఊళ్ళో ఒక మాట పుట్టించాడు. అన్నని పొలంలో పాతిపెట్టనే లేదట, శ్మశానంలో కాల్చేశారట, అక్కడ సమాధీ గిమాధీ ఏమీ లేదట, వదినకి మతి చలించి బొమ్మకి అన్నం పెడుతోందట. హోటల్లో తోట పనికి, ఊడ్చే పనికి మనుషుల్ని పెట్టించేది ఆయనే. ఊళ్ళో ఇంటికొకరు ఆయన దయతో అక్కడ పనిచేస్తున్నారు. అందుకని గొయ్యి తవ్విన ముసలాళ్ళు కూడా నోరెత్తలేదు. కొన్నాళ్ళకి చిన్నవాళ్ళు నిజంగానే ఆ మాట నమ్మారు. అత్త నడిచి వెళ్తుంటే వెనక నవ్వేవాళ్ళు.

భూమి పోయినందుకు కాదు, మావయ్యే లేకుండా పోయినందుకు అత్త రగిలిపోయింది. పొలం తిరిగి ఇస్తానన్నా తనకి అక్కర్లేదంది. మరిది తన కాళ్ళతో నడిచి వెళ్ళి, నలుగురి ఎదుట ఆ చోటు చూపించాలి. అంతకు తక్కువకి ఒప్పుకోనంది. అది ఈ జన్మకి జరగదని నేను అనుకున్నాను.

మరిదికి అరవై ఏళ్ళు నిండాయి. షష్టిపూర్తి ఆ హోటల్లోనే, చెరువు ఒడ్డున పచ్చికలో చేసుకోవాలని ముచ్చటపడ్డాడు. జాగ్రత్త గల మనిషి. అత్త ఏ రోజు వస్తుందో తనకి తెలుసుననుకున్నాడు. అన్న పోయిన తారీఖు గోడ మీది క్యాలెండరులో చూసుకుని, అది దాటి చాలా రోజులయ్యాకే ముహూర్తం పెట్టించుకున్నాడు. బస్తీ వ్యాపారాల్లో పడి ఆయనకి తారీఖులే మిగిలాయి. అత్త మావయ్యకి పెట్టేది తారీఖుకి కాదు, మాఘ బహుళ పంచమికి. అంతకుముందు అధిక మాసం రావడంతో ఆ ఏడు తిథి బాగా ఆలస్యంగా పడింది. ఎంత ఆలస్యంగా అంటే, సరిగ్గా ఆయన షష్టిపూర్తి రోజున.

మేం ఆటో దిగేసరికి గేటు మీద, శాలువా కప్పుకుని దణ్ణం పెడుతున్న మరిది ఫొటో, ఒక లారీ అంత ఉంది. అత్త దాన్ని పైనుంచి కింద దాకా చూసింది. "బాబుగోరికి అరవై ఏళ్ళొచ్చినాయా" అంది. ఆ గొంతు అప్పుడు గోడ దగ్గర విన్నదానికన్నా మెత్తగా ఉంది.

గదిలోకి వెళ్ళి స్నానం చేసి నేత చీర కట్టుకుంది. క్యారేజీ ఒక చేత్తో, విస్తరి ఒక చేత్తో పట్టుకుని పచ్చికలోకి నడిచింది. తెల్లగుడ్డలు తొడిగిన కుర్చీల నిండా జనం. ఊరు ఊరంతా ఉంది. పట్నం పెద్దమనుషులు ముందు వరసలో ఉన్నారు. జిరాఫీ మెడ నిండా బుడగలు కట్టారు. వేదిక పక్కన పెద్ద తెర మీద మరిది దంపతులు దండలతో కనిపిస్తున్నారు. అత్త కుర్చీల మధ్య దారిలో నడుస్తుంటే కెమెరా పట్టుకున్నవాడు ఎవరో పెద్ద ముత్తైదువ అనుకున్నాడో ఏమో, తెర మీదికి ఆవిడ ముఖం తెచ్చాడు.

మరిది లేచి నిలబడి, రా వదినా రా అని అందరికీ వినపడేలా పిలిచాడు. ఆయన చొక్కాకి చిన్న మైకు తగిలించి ఉంది.

"బాబూ, ఈయేళ మాగ బహుళ పంచిమి. మీ అన్న పోయిన తిది" అంది అత్త. ఎంత మెల్లగా అన్నా ఆ మైకు పట్టేసింది.

పురోహితుడు మంత్రం ఆపాడు. సొంత అన్నగారా, ఆయనకి సంతానం ఉందా అని అడిగాడు. లేదని తెలిశాక, అయితే పెట్టవలసింది మీరే, ముందు ఆయనకి పెట్టి రండి, తర్వాతే మిగతాది అన్నాడు. మరిది భార్య పళ్ళ మధ్య నుంచి, బేగి కానిచ్చి రమ్మని గొణిగింది. ముందు వరసలో వాళ్ళు గడియారాలు చూసుకుంటున్నారు. ఎలాగోలా ఈవిణ్ణి వదిలించుకోవాలనే తొందరలో ఆయన వేదిక దిగి విస్తరి, క్యారేజీ అందుకున్నాడు.

అత్త ఇచ్చేసి పక్కకి జరిగింది. ఎక్కడ పెట్టాలో చెప్పలేదు.

ఆయనకి అది తట్టినట్టు లేదు. పట్టుపంచె కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, అటూ ఇటూ చూడకుండా, గబగబా పచ్చికకి అడ్డంపడి నడిచాడు. తిన్నగా జిరాఫీ దగ్గరికి. వేలాడుతున్న బుడగలు పక్కకి నెట్టి, దాని కాళ్ళ మధ్య వంగాడు.

"అక్కడేనా బాబూ?" అని అడిగింది అత్త.

"ఇక్కడే గదా వదినా, తల ఇటేపు" అన్నాడు మరిది.

మైకులో ఆ మాట చెరువు అవతలి దాకా వినిపించింది. తెర మీద ఆయన వంగిన వీపు కనిపిస్తోంది. ఆ వీపు మెల్లగా బిగుసుకోవడం అందరం చూశాం. తను ఏమన్నాడో ఆయనకి అప్పుడు తెలిసింది.

అత్త వెళ్ళి ఆయన చేతిలోంచి విస్తరి లాక్కుంది. "లెగు. నీ సేతి కూడు ఆడికొద్దు" అంది. ఈసారి బాబూ అనలేదు. కింద కూర్చుని తనే వడ్డించింది. చుట్ట పెట్టింది. నాలుగు అడుగులు వేసి, చెరువు వైపు ముఖం పెట్టి, వీపు తిప్పి కూర్చుంది.

వెనక వరసలో ఒక ముసలాయన లేచాడు. భుజం మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని, కుర్చీ వెనక్కి తిప్పుకుని కూర్చున్నాడు. తర్వాత ఇంకొకాయన. ఆ తర్వాత ఆడవాళ్ళు. కుర్చీలు జరుగుతున్న చప్పుడు వరస వరసా పాకింది. చూస్తుండగా ఆ ఊరి వాళ్ళంతా వీపులు తిప్పేశారు. పట్నం వాళ్ళకి ఏమీ అర్థంకాక దిక్కులు చూస్తున్నారు. మెళ్ళో దండతో, విస్తరికి ఎదురుగా నిలబడి ఉన్నది మరిది ఒక్కడే. నేను వీపు తిప్పలేదు. మావయ్య నన్ను క్షమించాలి, ఆ ముఖం చూడకుండా ఉండలేకపోయాను.

తర్వాత షష్టిపూర్తి జరిగిందనే అనిపించారు. ఆ విందులో కడుపునిండా తిన్న మనిషి అత్త ఒక్కతే. బొబ్బట్టు రెండోసారి అడిగి వేయించుకుంది.

కొన్నాళ్ళకి మరిది మనుషుల్ని పంపాడు. జిరాఫీని తీయించి పాలరాతి సమాధి కట్టిస్తానన్నాడు. ఆడి రాయి కింద మీ మావకి ఊపిరాడదు, ఆ బొమ్మే నయం అని తిప్పి పంపేసింది. ఊళ్ళో ఇప్పుడెవరూ ఆవిడ వెనక నవ్వడం లేదు. అనుకున్నది జరిగింది, అందరికీ నిజం తెలిసింది, ఇంకా అన్ని పాలు పోసి ఆ హోటలుకి తగలేయడం దేనికి, గోడ దగ్గర పెట్టుకుందాం అన్నాను నేను.

"నాను ఆ గదిలో దిగకపోతే మా మరిది సుకంగా తొంగుంటాడు పాపా" అంది అత్త.

అలాగే బతికున్నన్నాళ్ళూ దిగింది. పోయే ముందు, మా ఇంటికి తెచ్చుకున్నాక మంచంలో ఉండి కూడా, ఆడ్ని నా మొకం సూడనియ్యకు అని రెండు మూడుసార్లు చెప్పింది. మావయ్య పక్కన పెట్టమని మాత్రం అడగలేదు. అది అడిగితే మేం చేయలేమని ఆవిడకి తెలుసు. అందుకే నాకు ఆ మరిది మీద ఇంకా ఎక్కువ మండుతుంది.

ఆయన నిక్షేపంలా ఉన్నాడు. వచ్చే మాఘంలో పంచమి ఏ రోజు పడుతుందో కనుక్కుని సెలవు పెట్టాను. చెరువు కనిపించే గది నా పేరు మీద తీసుకున్నాను. చేపల పులుసు ఒక్కటే నాకు అత్తలాగా రాదు. నేర్చుకుంటున్నాను.